చాటలో ఎడమ సగం

మూర్ఛలు ఆగాలని బెంగళూరులో ఎస్తేరు మెదడు కుడి సగం తీసేశారు. మూర్ఛలు ఆగాయి. ఎడమ చెయ్యి చచ్చుబడింది. రెండు కళ్లకూ ఎడమ పక్క ఏదీ కనిపించకుండా పోయింది.

"ఎప్పుడూ పాపకు ఎడమ పక్కనే కూర్చోండి. పోయిన చూపు రాదు గానీ, తల తిప్పి చూసుకోవడం మిగిలిన మెదడే నేర్చుకుంటుంది," అన్నాడు డాక్టరు.

తండ్రి సుంకన్న రోజూ ఆ పక్కనే కూర్చున్నాడు. వానొస్తే విత్తుదామని దాచిన చెనక్కాయలు కూతురు ఒంటిచేత్తో ఒలిచేది. చాటలో కుడి సగమే ఖాళీ అయ్యేది. ఎడమ సగం అట్లాగే మిగిలేది. అది చూసి సుంకన్న చప్పుడు కాకుండా ఏడ్చేవాడు. ఆ పక్కన ఏడిస్తే బిడ్డకు కనిపించదు కదా!

ఆ రోజు నీళ్లు తాగడానికి లోపలికి వెళ్లి, తిరిగొస్తూ గడపలోనే ఆగిపోయాడు. ఎస్తేరు తల తిప్పి, ఎడమ సగంలోని కాయలు ఏరి ఒలుస్తోంది.

"ఎప్పుడు నేర్చుకున్యావు పాపా?"

పిల్ల ఉలిక్కిపడింది. "శానా దినాలాయ నాయనా."

"మరి నాకు చెప్పకపోతివే?"

ఎస్తేరు మెల్లగా తల కుడివైపుకు తిప్పేసుకుంది.

"నువ్వు ఆ పక్కన కూచొనే గదా ఏడ్చేది. నేను చూస్తే ఇంగ యాడ ఏడుస్తావు?"