ఆదివారం రోగం

చీమకుర్తిలో ఇప్పుడు ప్రతి కుక్క మెడలోనూ రక్తాన్ని చదివే పట్టీ ఉంటోంది. జున్ను మెడపట్టీ నుంచి సుభాషిణి ఫోనుకు ఈ నెలలో మూడోసారి అదే కబురు వచ్చింది: "మీ కుక్కకు మల్టిపుల్ మైలోమా. ఎముక మూలుగలో పుట్టే క్యాన్సర్. రేపు మందు పంపిస్తాం."

అప్పుడే స్నానం చేసొచ్చిన జున్ను వాకిట్లో తోక ఊపుతూ రెండో చేపతల కోసం చూస్తోంది. సుభాషిణి దాన్ని ఎగాదిగా చూసింది.

"ఇది రోగిష్టి కుక్క మొహమేనా? పట్టీ అమ్మేదీ వాళ్లే, మందు అమ్మేదీ వాళ్లే. నాకు అనుమానంగానే ఉంది."

ఆమె భర్త కోటిలింగం నడుం పట్టుకుని మెల్లగా గడప మీద కూర్చున్నాడు. గ్రానైటు పలకలెత్తి ఆ నొప్పి వచ్చిందని ఆర్నెల్లుగా అంటున్నాడు. "పట్టీ అబద్ధం చెప్పదంటారే" అన్నాడు.

సుభాషిణి నెల రోజుల లెక్కలూ ఫోనులో తిరగేసింది. మిగతా రోజులన్నీ జున్ను రక్తం శుభ్రంగా ఉంది. రోగం మూడుసార్లూ ఆదివారం పొద్దునే కనబడింది.

"వారానికోసారి వచ్చిపోయే క్యాన్సర్ ఎక్కడన్నా ఉందా? ఆదివారం దానికి నీళ్లు పోసేది నువ్వేగా. అప్పుడు పట్టీ తీసి ఎక్కడ పెడతావయ్యా?"

"కింద పెడితే కొరికేస్తది. అందుకని పనయ్యేదాకా నా మెడలో ఏసుకుంటా."

సుభాషిణి చూపు అతని నడుం మీదున్న చేతి దగ్గర ఆగిపోయింది. ఫోను పక్కన పెట్టింది.

"లెయ్యి. చొక్కా తొడుక్కో" అంది.