ఆలస్యంగా నవ్వే ఆవిడ

"అదిగో, మళ్లీ ఆగాడు!" డైరెక్టర్ తలపట్టుకున్నాడు.

టీవీలో వారం వారం వచ్చే ఆ హాస్య సీరియల్లో ఈ పిల్లాడి వేషం పదేళ్ల బాలమేధావి. అమ్మా నాన్నా తాతయ్యా అందరూ దద్దమ్మలు, వాడొక్కడే అపర మేధావి. జోకు పేలగానే రెండు సెకన్లు ఆగాలి. సెట్లో నవ్వే జనం ఉండరు. పదకొండేళ్ల కిందట ఒక నాటకాల హాల్లో రికార్డు చేసిన నవ్వుల్ని సౌండు మాస్టారు తర్వాత ఆ ఖాళీలో అతికిస్తాడు.

వీడు మాత్రం నాలుగు సెకన్లు ఆగుతున్నాడు.

"తెర మీద కొండంత లెక్కలు నోటితో చేస్తావు, రెండు దాకా లెక్కపెట్టలేవట్రా? మాస్టారూ, మీరైనా చెప్పి చూడండి. సాయంత్రానికి దారికి రాకపోతే రేపట్నుంచి ఇంకో పిల్లాడు."

పిల్లాడి మొహం వాడిపోయింది. ఇంట్లో కంటే ఆ సెట్లోనే ఎక్కువ పెరిగాడు మరి.

మాస్టారు వాణ్ణి తన గదిలోకి తీసుకెళ్లాడు.

"ఎందుకురా అంతసేపు?"

"ఆవిడ నవ్వాలి కదా మాస్టారూ."

"ఏ ఆవిడ?"

"అందరూ ఆపేశాక మొదలెడతారే, ఆవిడ. నవ్వీ నవ్వీ చివర్లో దగ్గుతారు. పెద్దవాళ్లు నవ్వుతుంటే మధ్యలో మాట్లాడితే బాగోదు కదా."

మాస్టారి చెయ్యి మీటల మీదే ఆగిపోయింది.

ఆవిడ ఆయన భార్య. ఆ రోజు హాల్లో మొదటి వరసలో కూర్చుంది. ఏ జోకైనా ఆలస్యంగా ఎక్కేది. "నా ట్యూబ్‌లైటు" అని ఏడిపించేవాడు. మూడు నెలలు తిరక్కుండానే ఆ దగ్గు ఆమెను తీసుకుపోయింది. అప్పటికి ఈ పిల్లాడు పుట్టనే లేదు.

మాస్టారు లేచి డైరెక్టర్ దగ్గరికి వెళ్లాడు.

"పిల్లాణ్ణి తీసెయ్యొద్దు. వాడు ఆగినంతసేపు ఆగనివ్వండి."

"టీవీలో నవ్వులు విని విని వాడికి పిచ్చి పట్టిందనుకుంటే, మీకూ అంటుకుందా? మిగిలిన ఆ రెండు సెకన్లు ఏం పెట్టి నింపుతారు?"

"నా దగ్గరుంది."

గదిలోకొచ్చి తలుపేసుకున్నాడు. సొరుగు తాళం తీశాడు.

వినే ధైర్యం లేక, మొదటి ఎపిసోడ్‌కి ముందే కత్తిరించి, ఒక్కసారైనా టీవీలో రానివ్వకుండా దాచేసిన ఆ నవ్వు తాలూకు టేపు ముక్క, పెట్టినది పెట్టినట్టే అక్కడుంది.