అనుమతి కమిటీ వచ్చే రోజు

యూనివర్సిటీ అనుమతి రాకముందే చేనేత డిగ్రీ కోర్సు పెట్టి, రెండేళ్లుగా మమ్మల్ని మోసం చేస్తున్నవాడు మా ప్రిన్సిపాల్. రేపు అనుమతి కమిటీ పరిశీలనకు వస్తోంది. మా ల్యాబులో ఒక్క మగ్గం కూడా లేదు, గోడకు మగ్గం బొమ్మ మాత్రం ఉంది.

కమిటీ ముందే ఈ బండారం బయటపెడదామని కరపత్రం రాసి క్లాసులో చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు. కోస్గి నేతకారుల బిడ్డ సింధూజ మాత్రం కొట్టలేదు.

"మస్తు రాసినవ్ లీడర్ సాబ్! కమిటీ కాదంటే సారుకేమైతది? ఇంకో కోర్సు పెట్టుకుంటడు. మన రెండేండ్ల చదువే గంగల గలుస్తది. మా బాపుకు నువ్వొచ్చి జెప్తవా?"

"అయితే గా దొంగను మనమే కాపాడాల్నా?"

"కాపాడకుంటే మునిగేది మనమే గదా!"

కోపంగానే కరపత్రం తిప్పి, వెనక వైపు కొత్త పిలుపు రాశాను.

"మిత్రులారా! రేపు ఉదయం ఏడు గంటలకు అందరం కాలేజీ గేటు దగ్గర కలుద్దాం. నేతకారుల పిల్లలు ఇంట్లోని రాట్నాలు, నూలు చుట్టే ఆసులు, విప్పి తేగలిగిన మగ్గాలు తీసుకురండి. కమిటీ అడిగితే, ఇవన్నీ కాలేజీవేనని చెప్పండి."