నీలం పోయేదాకా

"నల్లసిరాతోనే సంతకం పెట్టాలండీ," అంటూ నర్సు కాగితం చూపించింది.

రోగి భార్య తన చేతిసంచిలోంచి ఆయన ఫౌంటెన్ పెన్నూ, నల్లసిరా బుడ్డీ తీసింది. వాష్‌బేసిన్ దగ్గర పెన్ను విప్పి, నీలం సిరా పారబోసి కడగసాగింది.

"నా పెన్ను తీసుకోండమ్మా, నల్లదే."

"వద్దమ్మా, ఆయన పెన్నుతోనే పెడతాను. కడక్కుండా పోస్తే రెండు సిరాలూ కలిసి గడ్డకడతాయి. లేచాక నా ప్రాణం తోడేస్తారు."

డాక్టరుగారు అడుగుతున్నారని రెండోసారి కబురొచ్చింది.

"ఇంకా నీలం వస్తూనే ఉందమ్మా, కాస్త ఆగు."

నర్సు బేసిన్‌లోకి చూసింది. నీళ్లు ఎప్పుడో తేటపడ్డాయి.

నర్సు చేతిలో ఉన్నది ఆయన వెంటిలేటర్ తీసేయడానికి అంగీకార పత్రం. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.

"అవునమ్మా, మొనలో ఇంకా నీలం ఉంది. బాగా కడగండి."