బొమ్మరింట్లో అడ్డుగోడ

"ఆ గోడ అక్కడ కాదండీ. ఇంకాస్త ఇవతలికి రావాలి."

నీళ్ల డబ్బా దించి, చెమట తుడుచుకుంటూ అన్నాడు ఇంటింటికీ మంచినీళ్లు వేసే మనిషి.

వరండాలో కూర్చుని పల్చటి చెక్కముక్కకి జిగురు రాస్తున్న తండ్రి తలెత్తి చూశాడు.

ఆయన కడుతున్నది బొమ్మరిల్లు. అచ్చం కాలిపోయిన తమ ఇంటిలాగే.

ఆ ఇంటితో పాటే భార్యా పోయింది. అప్పుడాయన ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీలో ఉన్నాడు. ఐదేళ్ల కూతురు మాత్రం తడిదుప్పటి చుట్టి ఎదురింటి అరుగు మీద పడుకోబెట్టి ఉండగా కనిపించింది. ఫైరింజన్ వాళ్లే తెచ్చి ఉంటారని అందరూ అనుకున్నారు.

అప్పట్నుంచీ పిల్లకి మాట లేదు.

పాత ఇంటిలాంటి బొమ్మరిల్లు కట్టివ్వండి, ఆడుకుంటూనే మనసులో ఉన్నది బయటపెడుతుందని డాక్టరమ్మ చెప్పింది. బయటి గోడలు సులువుగానే లేచాయి. లోపలి గోడలే ప్రాణం తీస్తున్నాయి. ఒక్కొక్కటీ నిలబెడుతుంటే ఆ గదిలో భార్య మసులుతున్నట్టే ఉంది.

"ఎక్కడుండాలంటావు?" అన్నాడు తండ్రి, మామూలుగానే.

"వంటింట్లోంచి పడగ్గదికి సూటిగా దారి లేదు కదండీ. మధ్యలో గోడ అడ్డం. చీకట్లో దాన్ని తడుముకుంటూ పోతే, ఎడంచేతి పక్కన మంచం."

అనేసి నాలుక కరుచుకున్నాడు. ఖాళీ డబ్బా భుజానేసుకుని గబగబా వెళ్లిపోయాడు.

తండ్రికి ఒళ్లంతా కారం రాసినట్టయింది.

నా పడగ్గదిలో మంచం ఏ పక్కనుందో వీడికెలా తెలుసు? అదీ చీకట్లో?

ఎవరొచ్చినా గదిలోంచి కదలని పిల్ల, వీడొస్తే మాత్రం గుమ్మంలోకొచ్చి నిలబడుతుంది. అంటే వీణ్ణి ముందే ఎరుగును. తను నైట్ డ్యూటీలకి పోయినన్నాళ్లూ...

మర్నాడు డబ్బా దించుతుంటే చొక్కా పట్టుకున్నాడు.

"మా ఇంట్లోకి వచ్చావా?"

అతను తల దించుకున్నాడు.

"నేను లేనప్పుడేగా?"

అవునన్నట్టు తలూపాడు. "ఆవిడ విషయంలో తప్పు నాదేనండీ..." అని ఇంకేదో చెప్పబోయాడు.

చెంప పగిలింది. గుమ్మంలో ఉన్న పిల్ల రెండు చేతుల్తో చెవులు మూసుకుంది.

తండ్రి అంతటితో ఊరుకోలేదు. నీళ్ల ప్లాంటు యజమాని దగ్గరికి పోయి, వాడు ఇళ్లల్లో ఆడవాళ్ల జోలికి పోతాడని చెప్పాడు. ఆ మాట వీధులన్నీ తిరిగింది. అతని పని పోయింది. అద్దెకున్న గదీ పోయింది. ఎటు వెళ్లాడో ఎవరికీ తెలీదు.

పీడా విరగడైందనుకున్నాడు తండ్రి. ఇంటికొచ్చి, భార్య ఫొటోని గోడవైపు తిప్పి పెట్టాడు.

తర్వాత కసికొద్దీ పని ముగించాడు. అడ్డుగోడని పీకి, వాడు చెప్పిన చోటే అతికించాడు. అది నిజంగానే అక్కడ ఉండేది మరి. గోడలకి నున్నగా లప్పం పట్టించి, ఆరాక పడగ్గదికి లేత నీలం, వంటింటికి పసుపు రంగు వేసి, పిల్ల ముందు పెట్టాడు.

పిల్ల చాలాసేపు ముట్టుకోలేదు.

చివరికి అమ్మ బొమ్మనీ, పాప బొమ్మనీ మంచం మీద పడుకోబెట్టింది. ఒక మగ బొమ్మని వంటింటి తలుపులోంచి లోపలికి తెచ్చింది. అడ్డుగోడకి ఆనించి మెల్లమెల్లగా నడిపించింది. అమ్మ పక్కనున్న పాపని తీసి దాని చేతికిచ్చి, వీధిలోకి తెచ్చి పడుకోబెట్టింది. మళ్లీ ఆ బొమ్మని లోపలికి పట్టుకెళ్లి, సగం దారిలో ఆపేసింది.

తండ్రి ఆ మగ బొమ్మ మీద వేలు పెట్టాడు.

"అదెవరమ్మా?"

ఇన్నాళ్లకి పిల్ల నోరు విప్పింది.

"నీళ్ల మావయ్య... అమ్మని కూడా తెస్తానని మళ్లీ వెళ్లాడు నాన్నా, మంటలే పోనివ్వలేదు."