అలవాటైన సూది

"ఆ దిండు మీద నేను తల పెట్టను," అన్నాడు సెలూనాయన, సూదులు గుచ్చి నొప్పులు తగ్గించే డాక్టరు ఇంట్లో మంచం ముందు నిలబడి.

దిండు మధ్య ఎవరి తల నూనెనో పీల్చుకుని గుండ్రంగా మరక కట్టి ఉంది. దాని మీద రెండు వెంట్రుకలు. రోజంతా తలలు చూసే మనిషి కాబట్టి, ఆ రెండూ ఒకరివి కావని కూడా తెలిసిపోయింది.

"తల పక్కకి పెట్టుకో బావా. నొప్పి నడుముకి కదా," అన్నాడు బామ్మర్ది.

సెలూనాయనకి ఒళ్లు మండింది. కానీ నడుం పట్టేసి కుర్చీ పక్కన నిలబడలేకపోతున్నాడు. ఇవాళ కూడా నిలబడలేకపోతే సెలూన్ ఈ బామ్మర్ది చేతిలో పెట్టాలి. వీడు ఒక్క బ్లేడుతో నలుగురికి గీసే రకం. మనిషికో కొత్త బ్లేడు అనే పేరు మీద నడుస్తున్న సెలూన్ అది. అందుకే ముక్కు బిగబట్టి బోర్లా పడుకున్నాడు.

సూదుల డాక్టరు వచ్చాడు. భుజం మీద తువ్వాలు. దాంతోనే ముక్కు తుడుచుకున్నాడు, దాంతోనే చేతులూ తుడుచుకున్నాడు. చొక్కా పైకెత్తి, "ఇక్కడేనా?" అని వేలితో నొక్కాడు.

"అక్కడే."

చురుక్కుమంది.

"ఇది దిగి ఉన్నంతసేపు నొప్పి నీ జోలికి రాదు. ఇంకో నాలుగు పెడతా."

సెలూనాయన మెల్లగా తల తిప్పి చూశాడు. పక్క మంచం మీద ఒకాయన పడుకుని ఉన్నాడు. వీపంతా సెగగడ్డలు, రెండు మూడు చీము కారుతున్నాయి. డాక్టరు ఆయన నడుంలోంచి ఒక సూది లాగాడు, తువ్వాలుకి అటూ ఇటూ రాశాడు, ఇటు తిరిగాడు.

"ఆగండి. అది ఆయనది కదా?"

"ఆయనకి పనైపోయింది."

"కొత్తవి లేవా?"

"కొత్త సూది బిరుసుగా ఉంటుంది నాయనా. ఒంట్లో తిరిగి అలవాటైన సూది మెత్తగా దిగుతుంది."

"మరి ఇందాక నాకు పెట్టింది?"

"అదీ ఆయనదే," అన్నాడు డాక్టరు, అదేదో మర్యాద చేసినట్టు.

సెలూనాయన ఒక్క గెంతున మంచం దిగాడు. "ఛీ, మీరూ మీ వైద్యమూ," అని చొక్కా కిందికి లాక్కుని, చెప్పుల్లో కాళ్లు పెట్టి బయటపడ్డాడు. వెనక డాక్టరు ఏదో అరుస్తున్నా వినిపించుకోలేదు.

వీధి మలుపు దాటాక గానీ బామ్మర్దికి అందలేదు. "బావా, నిటారుగా నడుస్తున్నావే."

నిజమే. కట్టిన తాడు విప్పేసినట్టుంది నడుం.

"కోపం వస్తే నడుమేం ఖర్మ, శవం కూడా లేచి కూర్చుంటుంది," అన్నాడు సెలూనాయన.

సెలూన్ తెరిచాడు. సాయంత్రం దాకా కూర్చుంటే ఒట్టు. వచ్చిన ప్రతివాడికీ ఆ దిండూ, ఆ తువ్వాలూ, ఆ చీమూ వర్ణించి చెప్పాడు. వాడిన బ్లేడు డబ్బాలో పారేసి, కొత్తది కళ్ల ముందే విప్పి చూపించి, "ఒకడి ఒంట్లోది తీసి ఇంకొకడి ఒంట్లో పెడతాడా? వాడికి ముద్ద ఎలా దిగుతుందో," అన్నాడు. మొహం నిండా నురగతో ఉన్నవాళ్లు తలాడించలేక ఊఁ కొట్టారు. కుర్చీ తనకి దక్కలేదన్న ఉక్రోషంతో బామ్మర్ది మూల బల్ల మీద కూర్చుని అంతా విన్నాడు.

దీపాలు వేసే వేళకి దువ్వెన కింద పడింది. తీయడానికి సెలూనాయన వంగాడు. చొక్కా పైకి జరిగింది.

"బావా, కదలకు," అన్నాడు బామ్మర్ది మొహం అదోలా పెట్టి. "ఆ సూది నీ నడుంలోనే ఉంది."

సెలూనాయన అద్దానికి వీపు పెట్టి మెడ తిప్పి చూసుకున్నాడు. సన్నగా మెరుస్తోంది. సెగగడ్డలాయన సూది. పొద్దుటి నుంచీ తనతోనే తిరుగుతోంది. గొంతు దాకా వాంతి వచ్చింది, మింగేశాడు. కుర్చీలో సగం గడ్డం గీసిన మనిషి ఉన్నాడు. బల్ల మీద ఇంకా ఇద్దరు ఎదురుచూస్తున్నారు.

"ఛీ ఛీ. ఉండు బావా, లాగేస్తా," అని బామ్మర్ది హుషారుగా లేచి చెయ్యి చాపాడు.

సెలూనాయన చటుక్కున పక్కకి జరిగాడు. చొక్కాని రెండు వేళ్లతో, సూదికి తగలకుండా, జాగ్రత్తగా కిందికి దింపుకున్నాడు.

"ముట్టుకోకు. నీ చేతులు శుభ్రంగా లేవు."