కోట కాదు, గడి

ఎనిమిదో తరగతి శృతి లైబ్రరీ బీరువా తెరిచేసరికి ఆ పుస్తకం మళ్లీ లేదు.

అట్ట ఊడిన పాత ఇంగ్లీషు పుస్తకం. నిండా దయ్యాల కథలు, సమాధుల మీద పద్యాలు. శామీర్‌పేట దగ్గరి ఆ బడిలో దాన్ని ముట్టుకునేది శృతి ఒక్కతే.

మొదట్లో బొమ్మలకే భయపడి, భయానికే మురిసిపోయి, చదవబోతే ఒక్క ముక్కా అర్థంకాక లైబ్రరీలోనే కూర్చుని ఏడ్చింది. తెలియని ప్రతి మాట కిందా కసిగా గోటితో గీత పెట్టింది.

రెండు రోజులకు ఆ గీతల పైన పెన్సిలు అక్షరాలు మొలిచాయి.

క్యాండిల్ మీద మొంబత్తి. ఘోస్ట్ మీద గాలి. కాసిల్ మీద గడి.

గడి అనగానే కథ మొత్తం ఆమె కళ్లముందుకు వచ్చేసింది. అవ్వ ఊళ్లో పాడుబడిన దొర గడి ఉంది. దొర పోయి ఎన్నేళ్లయినా, అవ్వ దాని ముందు నుంచి చెప్పులు చేతపట్టుకునే నడిచేది.

ఆ రోజు నుంచి శృతి గీతలు పెట్టడం, పెన్సిలు జవాబు చెప్పడం. రాసేది ఇంగ్లీషు చక్రపాణి సారే. అంత ఇంగ్లీషు ఇంకెవరికొస్తుంది?

మరి పుస్తకాన్ని మాయం చేస్తున్నదెవరు?

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. శృతి మూడో రోజే పట్టింది. పుస్తకం అటెండరు జంగయ్య టిఫిను సంచిలో ఉంది.

"గీ పుస్తకం నీకెందుకు తాతా?"

"ఊకెనే బిడ్డా. మళ్ల ఆడనే పెడ్తున్న గద."

"నీకు ఇంగ్లీషొస్తదా?"

"ఏడొస్తది? తెలుగొస్తది."

"మరెందుకు తీస్తున్నవ్?"

జంగయ్య నవ్వి టిఫిను సంచి సర్దుకున్నాడు. శృతికి ఒళ్లు మండింది. నేరుగా హెడ్మాస్టరు గదికి వెళ్లింది.

మర్నాటి నుంచి జంగయ్యకు లైబ్రరీ తాళాలు పోయి గేటు డ్యూటీ వచ్చింది. పెన్సిలు అక్షరాలూ ఆగిపోయాయి; సారుకు తీరిక లేదనుకుంది శృతి.

"మంచిగ సదువుతున్నవా బిడ్డా?" అని గేటు దగ్గర అడిగేవాడు.

శృతి తల తిప్పుకుని పోయేది.

ఇరవై ఏళ్ల తర్వాత ఆమె అలాంటి కథలనే తెలుగు చేసి పుస్తకం వేసింది. చదివినవాళ్లంతా మెచ్చుకున్న మాట ఒకటే, గడి. మొదటి పేజీలో "నాకు మాటలిచ్చిన చక్రపాణి సారుకు" అని అచ్చు వేయించి, మొదటి కాపీ పట్టుకుని యాప్రాల్‌లో ఆయన ఇంటికి వెళ్లింది.

రిటైరైన సారు కళ్లజోడు సర్దుకుని ఆ పేజీ రెండుసార్లు చదివారు.

"నేనెప్పుడమ్మా నీకు మాటలిచ్చింది?"

"పెన్సిలుతో అర్థాలు రాసేటోళ్లు గద సార్. కాసిల్ అంటే గడి అని."

"మాది బాపట్ల తల్లీ. మా వైపు గడి అంటే తలుపు గడియే. నేనైతే కోట అనే రాస్తాను."

అంతలో ఆయనకు ఏదో గుర్తొచ్చి నవ్వారు.

"గడి మన జంగయ్య మాట. ఎవరో గోటితో గీసిన మాటలట, బొమ్మలు దించినట్టు చీటీ మీద దించుకుని రోజూ ఇంటర్వెల్‌లో నా దగ్గరికి వచ్చేవాడు. కోట అని చెబితే ఒప్పుకోలేదు. 'కోటల రాజుంటడు సారు, మంది భయపడేది గడికి' అన్నాడు. ఎందుకయ్యా నీకివన్నీ అంటే, 'ఓ బిడ్డ ఏడుస్తాంది సారు. నేన్ రాసిన్నంటే నమ్మది, మీరు రాసిన్రనుకోనియ్యుండ్రి' అన్నాడు."

శృతి చేతిలోని కాఫీ కింద పెట్టేసింది.

"తాత ఇప్పుడు ఏడున్నడు సార్?"

"పోయి రెండేళ్లయిందమ్మా."

ఆమె ఆ మొదటి పేజీ వైపు చూడలేకపోయింది. సారు మాత్రం తన ధోరణిలో చెప్పుకుపోతున్నారు.

"ఎవరో పిల్ల అతన్ని దొంగ అని చెబితే పాపం గేటుకు వేశారు. నేను మాట్లాడతాను, ఎవరా పిల్ల అని ఎన్నిసార్లు అడిగినా, 'సదువుకునే బిడ్డ సారు, పేరెందుకు తియ్యి' అన్నాడే తప్ప చివరిదాకా చెప్పలేదు."